పాఠం అర్థమవుతోంది, జవాబు మాత్రం రాయలేకపోతోంది: ఎనిమిదో తరగతి బిడ్డకు సబ్జెక్టు మాటలు ఎట్లా నేర్పాలి?

అమ్మా, మీ ప్రశ్న నిన్న రాత్రి చదివాను. మీ బిడ్డ పరకాల దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో ఎనిమిదో తరగతి, ఇంగ్లీష్ మీడియం. టీచర్లు చెప్పినప్పుడు పాఠం తెలుస్తోంది, ఇంటికొచ్చి మీకు తెలుగులో బాగానే చెబుతోంది. పరీక్షలో మాత్రం సగం ప్రశ్నలు వదిలేసి వస్తోంది. కష్టమైన మాటలు రోజుకు ఇరవై చొప్పున చూడకుండా రాయించాం, డిక్షనరీ కొనిచ్చాం, మార్పు లేదన్నారు. మీకు ఇంగ్లీష్ రాదు, ఇద్దరూ పత్తి చేను పనిలో ఉంటారు, హనుమకొండలో ప్రైవేటు బడిలో వేస్తే బాగుపడుతుందా అని అడిగారు. నేను ముప్పై ఏళ్లకు పైగా ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఐదారు హైస్కూళ్లు తిరిగి బయాలజీ చెప్పి రిటైరయ్యాను. మీరు చెప్పిన ఇబ్బంది ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నుంచి చివరి రోజు దాకా చూశాను. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, తీరిక చూసుకుని చదవండి.

ముందు ఒక ఆన్సర్ షీట్ సంగతి. ఆరో తరగతి లెక్కల పేపర్లో ‘ఫైండ్ ది డిఫరెన్స్ బిట్వీన్ 45 అండ్ 18’ అని అడిగారు. ఒక పిలగాడు పేజీ మధ్యలో స్కేలుతో గీత కొట్టి రెండు వైపులా రాశాడు. 45 బేసి సంఖ్య, 18 సరి సంఖ్య. 45 ఐదో ఎక్కంలో వస్తుంది, 18 రాదు. 45 పెద్దది, 18 చిన్నది. ఇట్లా ఐదు తేడాలు. లెక్కల సార్ ఆ పేపరు స్టాఫ్‌రూమ్‌కు తెస్తే అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అంతకు ముందు వారమే ఆ క్లాసులో తల్లివేరుకూ పీచువేరుకూ ‘డిఫరెన్సెస్’ రాయమని నేనే పట్టిక గీయించాను. వాడు నేను నేర్పిన పనే చేశాడు. రాసిన ఐదింటిలో ఒక్కటీ తప్పు లేదు. సైన్సులో డిఫరెన్స్ అంటే తేడాలు చెప్పడం, లెక్కల్లో అదే మాటకు తీసివేసి మిగిలింది చెప్పడం అని వాడికి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పలేదు, లెక్కల సార్ చెప్పలేదు, ఇంగ్లీష్ మేడమ్ చెప్పలేదు. అది పక్కవాళ్ల పని అని ముగ్గురం అనుకున్నాం. సున్నా మాత్రం ఆ పిలగాడికి పడింది.

మీ బిడ్డ ఎక్కడ ఆగుతోందో ఆ పేపరు చెబుతుంది. పెద్ద మాటల మీద మీరు పెట్టిన శ్రమ పోలేదు, కానీ ఫొటోసింథసిస్ దగ్గర పిల్లలు అంతగా ఆగరు. అది పాఠం పేరే కాబట్టి టీచరు పది సార్లు పలుకుతారు, బోర్డు మీద రాస్తారు, బొమ్మ గీస్తారు. పుస్తకంలో లావు అక్షరాల్లో ఉంటుంది. పిల్లలు ఆగేది దాని పక్కన మామూలు అక్షరాల్లో ఉన్న మాటల దగ్గర. ‘ఫ్యాక్టర్స్ అఫెక్టింగ్ ది రేట్ ఆఫ్ ఫొటోసింథసిస్’ అనే హెడ్డింగ్ చూడండి. ఇందులో బిడ్డకు చివరి మాట తెలుసు. ఫ్యాక్టర్స్, అఫెక్టింగ్, రేట్ తెలియవు. తెలియవని ఆమె కూడా చెప్పదు, ఎందుకంటే అవి చిన్న మాటలు, అడిగితే బాగుండదని అనుకుంటుంది.

అమెరికాలో ఇసబెల్ బెక్ అనే విద్యావేత్త, ఆమెతో పనిచేసినవాళ్లు మాటలను మూడు అంతస్తులుగా చూపారు. కింద ఇల్లు, నీళ్లు, పరుగు లాంటి రోజువారీ మాటలు. పైన ఒక్క సబ్జెక్టుకే చెందినవి: క్లోరోఫిల్, హైపోటెన్యూస్, లాటిట్యూడ్. మధ్యలో ఏ సబ్జెక్టుకూ సొంతం కాకుండా అన్నింటిలో తిరిగేవి: కంపేర్, ఫ్యాక్టర్, రేట్, ప్రాసెస్, స్ట్రక్చర్, ఫంక్షన్, ఎవిడెన్స్. కింది అంతస్తు ఇంట్లో, వీధిలో వచ్చేస్తుంది. పై అంతస్తు సబ్జెక్టు టీచరు చూసుకుంటారు. మధ్య అంతస్తుకు మన బడుల్లో దిక్కు లేదు. అదేమీ అంతులేని సముద్రం కాదు. న్యూజిలాండ్‌లో ఎవరిల్ కాక్స్‌హెడ్ అనే ఆమె 2000లో యూనివర్సిటీ స్థాయి పుస్తకాలు జల్లెడ పట్టి, అన్ని సబ్జెక్టుల్లో తిరిగే మాటలను 570 పద కుటుంబాలుగా తేల్చారు. ఆ పుస్తకాల్లో దాదాపు పదో వంతు మాటలు ఆ జాబితాలోవే. హైస్కూలు పిల్లకు అంత కూడా అక్కర్లేదు. వారానికి ఆరు మాటలు గట్టిగా పట్టుకుంటే ఒక విద్యా సంవత్సరంలో రెండు వందలు అవుతాయి. రోజుకు ఇరవై వద్దు. ఇరవై రాసిన రోజు చేతికి నొప్పి తప్ప తలకు ఏమీ ఎక్కదు.

ఆ ఆరు ఎట్లా పట్టుకోవాలో ఫ్యాక్టర్, రేట్ తోనే చూపిస్తాను.

లెక్కల్లో 12కు 3, 4 ఫ్యాక్టర్లు. తెలుగు మీడియం పుస్తకంలో వాటిని కారణాంకాలు అన్నాం. సైన్సులో ఎండ, నీళ్లు, కార్బన్ డయాక్సైడ్ ఫొటోసింథసిస్‌కు ఫ్యాక్టర్లు, తెలుగులో కారకాలు. సోషల్లో భూమి, శ్రమ, పెట్టుబడి ఉత్పత్తికి ఫ్యాక్టర్లు, అవీ కారకాలే. కారణం, కారకం రెండూ ‘చేయడం’ అని అర్థమిచ్చే ఒకే ధాతువు నుంచి పుట్టాయి. విచిత్రం ఏమిటంటే ఫ్యాక్టర్ కూడా లాటిన్‌లో ‘చేయడం’ అనే మాట నుంచే వచ్చింది, ఫ్యాక్టరీ దాని చుట్టమే. 3, 4 గుణించుకుని 12ను తయారుచేస్తాయి. ఎండ, నీళ్లు, గాలి కలిసి ఆకులో తిండిని తయారుచేస్తాయి. భూమి, శ్రమ, పెట్టుబడి కలిసి పంటను తయారుచేస్తాయి. ఇక ఆ తయారై వచ్చిందే ప్రొడక్ట్: లెక్కల్లో లబ్ధం, కెమిస్ట్రీలో క్రియాజన్యం, సోషల్లో ఉత్పత్తి. ఒక్క పీరియడులో ఈ రెండు మాటలు ఇట్లా పక్కపక్కన పెట్టి చెబితే, వెనక బెంచీ నుంచి కూడా ‘సార్, అంటే అంతా ఒకటేనా’ అని గొంతు వచ్చేది. ఆ ‘ఒకటేనా’ వినడం కోసమే నేను ఇన్నేళ్లు పాఠం చెప్పాననిపిస్తుంది.

రేట్ అంటే ధర అనుకునే పిల్లలు చాలామంది. దాన్ని తప్పని కొట్టేయకండి, అక్కడి నుంచే మెట్టు కట్టండి. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో పత్తి రేటు అంటే క్వింటాలుకు ఎంత అని. కూలి రేటు అంటే రోజుకు ఎంత అని. ఫొటోసింథసిస్ రేటు అంటే నిమిషానికో గంటకో ఆకు ఎంత పని చేసింది అని. ‘ఒక్క దానికి ఎంత’ అన్నది మూడింటిలోనూ ఉంది. మీ బిడ్డకు ఇది మీరే చెప్పగలరు, దీనికి ఇంగ్లీష్ అక్కర్లేదు. శాతం సంగతీ అంతే. పత్తిలో తేమ 8 శాతం దాటితే పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ వాళ్లు ధరలో కోత పెడతారని, 12 దాటితే కొనరని మీకు తెలుసు. నూటికి ఎంత అన్న ఆ లెక్క గాలిలో 78 శాతం నైట్రోజన్ అన్నప్పుడూ ఉంది, అక్షరాస్యత శాతంలోనూ ఉంది. సైన్సు పుస్తకంలో హ్యూమిడిటీ అని వచ్చినప్పుడు, మన పత్తిలో తేమ చూస్తారు కదా, ఇది గాలిలో తేమ అని ఒక్క మాట అనండి చాలు.

అన్ని మాటలూ ఇట్లా కలవవని కూడా చెప్పాలి. సెల్ బయాలజీలో కణం, ఫిజిక్స్‌లో ఘటం. పవర్ లెక్కల్లో ఘాతం, ఫిజిక్స్‌లో సామర్థ్యం, సోషల్లో అధికారం, ఇంట్లో కరెంటు. తెలుగులోనూ ఉన్నాయి: వ్యాసం తెలుగు పీరియడులో రాసేది, లెక్కల పీరియడులో వృత్తం మధ్యలో గీసేది. హారం మెడలో వేసుకునేది, భిన్నంలో గీత కింద రాసేది. ఇక్కడ కలపాలని తంటాలు పడొద్దు. పేజీని గదులుగా గీసి ఏ సబ్జెక్టులో ఏ అర్థమో వేర్వేరుగా రాయించండి.

నాకు బాగా గుర్తుండిపోయిన మాట ఇంకొకటి ఉంది, డెన్సిటీ. ఒక ఏడాది ఎనిమిదో తరగతి పిల్లలను పాలంపేటకు, రామప్ప గుడికి తీసుకుపోయాం. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. దాని శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలుతాయని చెప్పగానే పిల్లలు చుట్టూ మూగారు. ఎట్లా తేలుతుంది అని అడిగితే ‘బరువు తక్కువ ఉంటది కదా సార్’ అన్నది ఒక అమ్మాయి. మరి ఎండిన వేప మొద్దు ఇద్దరు మోస్తే గానీ లేవదు, చెరువులో వేస్తే తేలుతుంది. ఇనుప మేకు చిటికెన వేలంత, వేయగానే మునుగుతుంది, ఎందుకు అని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. జవాబు నేను చెప్పలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగాను: ఇదే బస్సులో ఇప్పుడు మనం నలభై మందిమి ఉన్నాం, మేడారం జాతరప్పుడు ఇదే బస్సులో ఎంతమంది ఉంటారు? బస్సు పెరిగిందా? లేదు. మనుషులు పెరిగారు, ఇరుకు పెరిగింది. ఆ ఇరుకే డెన్సిటీ, తెలుగులో సాంద్రత. మేకు చిన్నదే, కానీ లోపల ఇనుము జాతర బస్సులా కిక్కిరిసి ఉంది. రామప్ప ఇటుక లోపల సన్న సన్న ఖాళీలున్నాయి. ఒక ఘన సెంటీమీటరు నీళ్లు ఒక గ్రాము తూగుతాయి. అదే జాగాలో ఒక గ్రాము కన్నా తక్కువ తూగేది తేలుతుంది, ఎక్కువ తూగేది మునుగుతుంది.

నాలుగు రోజుల తర్వాత సోషల్ మేడమ్ పాఠంలో పాపులేషన్ డెన్సిటీ వచ్చింది. ఆమె మాట పూర్తి చేయకముందే పిల్లలు ‘జాతర బస్సు మేడమ్’ అన్నారట. 2011 జనాభా లెక్కల ప్రకారం మన తెలంగాణలో దాదాపు మూడున్నర కోట్ల మంది. రాష్ట్ర విస్తీర్ణం సుమారు 1 లక్షా 12 వేల చదరపు కిలోమీటర్లు. భాగిస్తే చదరపు కిలోమీటరుకు 312 మంది. ఫిజిక్స్‌లో ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగించారు, సోషల్లో జనాన్ని జాగాతో భాగించారు. పని ఒక్కటే. ఆ క్లాసు పిల్లలెవరూ తర్వాత ఆ మాట మర్చిపోలేదు. నేను డెఫినిషన్ చెప్పించింది మాత్రం అన్నీ అయ్యాక, చివర్లో. డెఫినిషన్ ముందు పెడితే పిల్లలు దాన్ని పట్టుకుని వేలాడతారు, వస్తువు వైపు చూడరు.

మన దగ్గర ఇంటి మాటలే చాలా దూరం తీసుకుపోతాయి. భూపాలపల్లిలో పనిచేసినప్పుడు ఇంక్లైన్డ్ ప్లేన్ అనగానే సింగరేణి కార్మికుల పిల్లలు చెప్పకముందే చెయ్యి ఎత్తేవాళ్లు. వాలుగా దిగే గనిని ఇంక్లైన్ అనడం వాళ్లు పుట్టినప్పటి నుంచి విన్నారు. చెరువుకు కట్ట, తూము, మత్తడి, ఆయకట్టు ఉన్న ఊరి పిల్లకు సోషల్ పుస్తకంలోని ఇరిగేషన్ పాఠం సగం తెలిసినట్టే. ఆ మాటలు పల్లెటూరి మాటలని నోట్సులో రాయకుండా వదిలేస్తారు. రాయించండి. ఇంగ్లీష్ మాట పక్కన మీ ఇంటి మాట ఉండాలి, గైడులో ఉన్న తెలుగు మాట కాదు.

ఇక పరీక్షలో ఖాళీగా వదిలేయడం గురించి. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కు ఎన్నో ఏళ్లు పోయాను. మార్కులు పోయే చోటు దాదాపు ఒక్కటే: ప్రశ్నలో ఏ పని చేయమన్నారో పిల్లలకు తెలియదు. కారణాలు చెప్పమంటే డెఫినిషన్ రాస్తారు. పోల్చమంటే ఒక దాని గురించే పేజీ నింపుతారు. చదివింది నిజమే, తెలిసింది నిజమే, అడిగింది అది కాదు. టీచరుగా ఆ పేపర్లు దిద్దడం చాలా బాధగా ఉండేది.

దీనికి మీ చేనే బడి. బిడ్డను చేనుకాడికి తీసుకుపోయినప్పుడు పత్తి మీద ఇట్లా అడగండి. పత్తి మొక్క ఎట్లా ఉంటదో చెప్పు: ఇది డిస్క్రైబ్. ఆకు, పువ్వు, కాయ, కంటికి కనిపించింది చెబితే సరిపోతుంది. పత్తినీ వరినీ పక్కపక్కన పెట్టి చెప్పు: ఇది కంపేర్. ఇక్కడ ఒక్క పత్తి గురించి ఎంత చెప్పినా సరిపోదు. నీళ్లు పత్తికి ఎంత, వరికి ఎంత, కూలీలు దీనికి ఎంతమంది, దానికి ఎంతమంది, ఇట్లా ప్రతి మాటా జంటగా రావాలి. ఎర్ర చెల్క నేల కన్నా నల్లరేగడిలో పత్తి ఎందుకు బాగా వస్తది: ఇది గివ్ రీజన్స్. నల్లరేగడి తేమను ఎక్కువ రోజులు పట్టి ఉంచుతుంది ‘కాబట్టి’ అనే మాట జవాబులో రావాలి, ‘కాబట్టి’ లేకపోతే అది కారణం కాదు. వచ్చే ఏడు మనం పత్తే వేయాలా, నీ అభిప్రాయం చెప్పు, ఎందుకో కూడా చెప్పు: ఇది జస్టిఫై. ఇందులో ఏ పక్కన నిలబడినా తప్పు లేదు, నిలబడ్డాక దానికి బలం చూపాలి. వానలు లేకపోతే ఏమవుతుందనుకుంటున్నావు: ఇది ప్రెడిక్ట్. సైన్సు పుస్తకంలో పరికల్పన, హైపోథసిస్ అన్నదానికి ఇదే మొదటి అడుగు. ఒకే చేను, ఒకే పంట, ఐదు పనులు. వారం రోజులు నోటితో చేయించి, తర్వాత పాత ప్రశ్నపత్రం తీసి ప్రతి ప్రశ్నలోనూ చేయమన్న పనికి సున్నా చుట్టమనండి. జవాబులు రాయొద్దు. సున్నాలు చుట్టడమే ఆ రోజు పని. ఏ పని అడిగారో తెలిసిన పిల్ల పేపరు ఖాళీగా ఇవ్వదు, రెండు వాక్యాలైనా రాస్తుంది.

వాక్యంలో అర్థాన్ని మలుపు తిప్పే చిన్న చిన్న మాటలు కూడా చూసుకోండి: అన్‌లెస్, ఎక్సెప్ట్, వేర్యాజ్, రెస్పెక్టివ్లీ, ఎట్ లీస్ట్, ఎట్ మోస్ట్. లెక్కల్లో తప్పులు చాలా వరకు వీటి దగ్గరే జరుగుతాయి. ‘ఎట్ లీస్ట్ 5’ అంటే 5 గానీ అంతకు ఎక్కువ గానీ. లీస్ట్ అని ఉంది కదా అని పిల్లలు తక్కువ వైపు పోతారు. బిట్ పేపర్లో ‘నాట్’ అన్న మాటను చూడకుండా పోయేవాళ్లకైతే లెక్కే లేదు. వీటికి పెద్ద పాఠం అక్కర్లేదు, ఒక్కోదానికి ఇంటి వాక్యం ఒకటి చాలు: ‘వాన పడితే తప్ప విత్తనం పెట్టం’ అంటే అన్‌లెస్.

నోటుబుక్ గురించి. సబ్జెక్టుకు ఒకటి వద్దు, అన్నింటికీ కలిపి ఒక్కటే లాంగ్ నోటుబుక్ పెట్టండి. మాటకు ఒక పేజీ. పైన మాట, దాని కింద ఏ సబ్జెక్టులో ఏ పాఠంలో కనిపించిందో. తర్వాత అదే మాట ఇంకో సబ్జెక్టులో ఎదురైతే కొత్త పేజీ తీయకుండా పాత పేజీకే వచ్చి రాయాలి. ఒక్క నోటుబుక్ ఎందుకంటే ఇందుకే. బొమ్మ వేయగలిగితే బొమ్మ. తన సొంత వాక్యం ఒకటి, తప్పులున్నా పరవాలేదు. చివర ‘ఇది కాదు’ అని ఒక ఉదాహరణ. ఈ చివరిదాన్ని అందరూ వదిలేస్తారు గానీ నా అనుభవంలో అన్నిటికన్నా పనికొచ్చింది అదే. ఇన్సులేటర్ పేజీలో చెక్క గరిటె రాసిన పిల్ల, కింద ‘స్టీలు గరిటె కాదు’ అని రాసిందంటే ఇంక ఆ మాట ఆమెదే.

రాసిన పేజీ మర్నాడు ఒకసారి, మూడు నాలుగు రోజులకు ఒకసారి, వారానికి, నెలకు ఒకసారి మూసి గుర్తుచేసుకోవాలి. 1885లోనే జర్మనీలో హెర్మన్ ఎబింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం మొదటి రోజుల్లోనే జారిపోతుందని చూపించాడు. చూసి చదవడం వేరు, మూసి గుర్తుచేసుకోవడం వేరు. రెండోదే చేయించండి.

మీరు చేయాల్సిన పని కూడా ఉంది, అమ్మా. ఇంగ్లీష్ రాదని వెనకకు పోకండి. వంట చేస్తూనో పత్తి ఏరుతూనో బిడ్డను మూడు ప్రశ్నలు అడగండి: అంటే ఏంది? మన ఇంట్ల, మన ఊర్ల అది ఎక్కడ ఉంది? అట్లాంటిదే అనిపించి, అది కానిది ఏది? మీకు అర్థమయ్యేదాకా చెప్పమనండి. మీకు నిజంగా తెలియకపోవడమే ఇక్కడ మేలు. తెలిసినవాళ్లు మధ్యలో అందుకుని తామే చెప్పేస్తారు, బిడ్డ నోరు ఆగిపోతుంది. తెలుగులో చెప్పాక, అదే సంగతి ఇంగ్లీష్‌లో రెండు వాక్యాలు గట్టిగా అనమనండి. రాసే ముందు నోటి మీద తిరగాలి. నోరు తిరగని మాట పరీక్ష హాల్లో చేతికి రాదు.

పెద్ద మాటలను విడగొట్టడం పిల్లలకు ఆటలా ఉంటుంది, కాబట్టి అది ఆదివారానికి ఉంచండి. ఫొటో అంటే వెలుగు, సింథసిస్ అంటే కలిపి కూర్చడం. కిరణజన్య సంయోగక్రియ కూడా అదే: కిరణం వల్ల పుట్టే కలయిక పని. హైడ్రోజన్ అంటే నీటిని పుట్టించేది. మన పాత పుస్తకాల్లో దాన్ని ఉదజని అన్నారు, ఉద అంటే నీరు. ఆక్సిజన్ ఆమ్లజని. ఆ మాటలు కూర్చినవాళ్లు ఇంగ్లీష్ మాట లోపలి అర్థం చూసి కూర్చారు. అద్దాల పాఠంలో కాన్వెక్స్, కాన్‌కేవ్ ఎప్పుడూ తారుమారవుతాయి. తెలుగులో కుంభాకారం, పుటాకారం. కుంభం అంటే కుండ, బయటికి ఉబ్బిన కడుపు. పుటం అంటే దోసిలి పట్టినట్టు లోపలికి గుంట. ఇంట్లో కుండ చూపించి ఒక్కసారి చెబితే పదో తరగతి దాకా తారుమారు కావు. ఇట్లాంటి తెలుగు సాంకేతిక పదాలను, పాఠ్యపుస్తకాలను కూర్చడానికే 1968లో తెలుగు అకాడమీ పెట్టారు. దాని తొలి అధ్యక్షుడు మన నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టిన పీవీ నరసింహారావు గారు. ఆ పదాలు ఇంగ్లీష్ మీడియం వచ్చాక పనికిరాకుండా పోయాయని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. రెండు పదాలూ విప్పి పక్కపక్కన పెడితే ఒకటి రెండోదాన్ని వెలిగిస్తుంది. విప్పకుండా బట్టీ పడితే రెండూ సమానంగా బరువే, అది కూడా నిజం.

మీ చేతిలో ఇంకో మంచి పనిముట్టు ఉంది. 2022-23లో ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీష్ మీడియం మొదలుపెట్టినప్పుడు, ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీష్ ఉండేలా పుస్తకాలు వేశారు. చాలా ఇళ్లలో పిల్లలు తెలుగు పేజీ చదివి అర్థమైందని మూసేస్తారు, లేదా అసలు అటు చూడకుండా ఇంగ్లీష్ పేజీ బట్టీ పడతారు. ముందు తెలుగు పేజీ చదవమనండి. పుస్తకం మూసి మీకు కథలా చెప్పమనండి. అప్పుడు ఇంగ్లీష్ పేజీ తెరిచి, తాను చెప్పిన ఒక్కో సంగతి అక్కడ ఏ వాక్యంలో ఉందో వేలితో చూపమనండి. చూపిన వాక్యాల్లోంచి ఆ వారం ఆరు మాటలు ఏరుకోవాలి. డిక్షనరీ అవసరం అప్పుడు, చివర్లో. డిక్షనరీలో ఒక మాటకు ఎనిమిది అర్థాలుంటాయి, పాఠంలో ఏది కావాలో ముందే తెలిసిన పిల్లకే అది పనికొస్తుంది.

ప్రైవేటు బడి సంగతి అడిగారు కాబట్టి నా అభిప్రాయం దాచను. ఈ ఒక్క ఇబ్బంది కోసమైతే మార్చకండి. జిమ్ కమ్మిన్స్ అనే కెనడా పండితుడు 1979లోనే మాట్లాడే భాష వేరు, చదువు భాష వేరు అని విడదీసి చెప్పారు. వేరే దేశం నుంచి వచ్చి ఇంగ్లీష్ బడిలో చేరిన పిల్లలకు మాట్లాడే ఇంగ్లీష్ రెండేళ్లలో వస్తుంది, చదువుకు కావలసిన ఇంగ్లీష్ తోటి పిల్లల స్థాయికి రావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. చుట్టూ ఇంగ్లీష్ వినిపించే దేశంలోనే అంత కాలం. మీ బిడ్డ వెనకబడలేదు, మధ్య దారిలో ఉంది. ఆయన చెప్పిన రెండో మాట మీకు ఇంకా ముఖ్యం: ఒక సంగతి సొంత భాషలో బాగా తెలిస్తే రెండో భాషలోకి అది మోసుకుపోతాం, మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు. ఇంటికొచ్చి తెలుగులో చక్కగా చెబుతోందన్నారే, అదే అసలు ఆస్తి. తెలుగులో చెప్పొద్దు, ఇంగ్లీష్‌లోనే చెప్పు అని కసిరే చోటికి పంపితే ఆ ఆస్తి పోతుంది. ఇప్పుడున్న బడిలో టీచర్లు అసలే రాకపోతేనో, ఇంకేదైనా పెద్ద కారణం ఉంటేనో అది వేరే లెక్క.

టీచర్లు ఎవరైనా చదువుతుంటే ఒక్క మాట. నేను పనిచేసిన ఒక బడిలో ఐదుగురం కలిసి బ్లాక్‌బోర్డు కుడి మూల చిన్న గడి గీసి, అందులో వారానికి ఒక మాట రాసేవాళ్లం. ఏ పీరియడు టీచరు వచ్చినా తన సబ్జెక్టులో ఆ మాటకు అర్థం అక్కడ చేర్చాలి, రెండు నిమిషాలు అంతే. ఆ ఏడాది డిఫరెన్స్, ఫ్యాక్టర్, మీడియం, సొల్యూషన్ లాంటివన్నీ ఆ గడిలో నుంచే పోయాయి. మరుసటి ఏడు ట్రాన్స్‌ఫర్లు వచ్చి తలో దిక్కు పోయాం, అది ఆగిపోయింది. మళ్లీ ఎక్కడా అంత బాగా కుదరలేదు. కుదిరిన చోట చేయండి, దానికి ఫండ్సు, పర్మిషన్ ఏమీ అక్కర్లేదు.

అమ్మా, ఈ వారానికి మొదటి ఆరు మాటలు నేనే ఇస్తున్నాను: కంపేర్, రీజన్, ఫ్యాక్టర్, రేట్, డెన్సిటీ, ప్రాసెస్. కంపేర్ చేనుకాడ మొదలుపెట్టండి, రేట్ మార్కెట్ నుంచి వచ్చిన రోజు. రోజుకు ఇరవై నిమిషాలు మించొద్దు. పోయిన పరీక్ష సైన్సు పేపర్లో ఆమె వదిలేసిన ప్రశ్నలు రెండు, రాసిన జవాబు ఒకటి ఉన్నది ఉన్నట్టు, తప్పులు దిద్దకుండా ఇక్కడ రాయండి. ఏ మాట దగ్గర ఆగిందో చూసి, తర్వాతి ఆరు దాన్ని బట్టి చెబుతాను.